డిస్నీల్యాండ్ కప్పు మీద పిట్టగోడ

డిస్నీల్యాండ్ వీరాభిమానులకి రెయిలింగ్ అన్న మాట వింటేనే ఒళ్లు మండుతుంది. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లకి, అందులోనూ ఏడాది పాస్ కొనుక్కుని వీలైనప్పుడల్లా ఆ పార్కున్న అనహైమ్ వెళ్లొచ్చేవాళ్లకి ఇది తెలిసిన గొడవే. పనివాళ్లు పడిపోకుండా భద్రత నియమాల కోసం కప్పు మీద ఎక్కడో ఒక కొత్త ఇనుప కడ్డీ పెట్టినట్టు కనిపిస్తే చాలు, వాల్ట్ డిస్నీ అంత అందంగా కట్టిన పార్కుని గవర్నమెంటు పాడు చేసి పెట్టింది అని మొదలుపెడతారు. నేను సివిల్ ఇంజనీర్ని, హైదరాబాద్‌లో కొన్నేళ్లు సైట్ల మీద పనిచేసి ఇటొచ్చినవాణ్ణి. ఆ పార్కంటే నాకూ ఇష్టమే, ఇండియా నుంచి చుట్టాలెవరొచ్చినా ఓ రోజు అక్కడికే తీసుకెళ్తాను. కానీ ఈ ఒక్క విషయంలో నేను కడ్డీ పక్షం. మొహమాటానికి చెప్పే "రెండు వైపులా నిజముంది" టైపు పక్షం కాదు, గట్టిగానే.

అన్నిటికన్నా ఎక్కువ తిట్లు తిన్నది ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్ రైడ్. 1958 జూన్‌లో మొదలైంది. గొంగళిపురుగు ఆకారంలో ఉన్న బండిలో కూర్చోబెట్టి, చీకటి గదుల్లోంచి తిప్పి తిప్పి, పై అంతస్తులో ఓ తలుపు తెరిచి ఒక్కసారిగా వెలుతుర్లోకి వదులుతారు. అక్కణ్ణించి కిందికి దిగే దారంతా పెద్ద పెద్ద ఆకులు. ఆ ఆకుల మీద బండి మెలికలు తిరుగుతూ నెమ్మదిగా కిందికొస్తుంది. పిల్లలకి ఆ రైడ్‌లో బాగా గుర్తుండిపోయేది ఈ దిగడమే. 2010 వరకు ఆ ఆకుల పక్కన పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. కూర్చున్నవాళ్లకి దాని అవసరమూ లేదు, బండి దారి బండి చూసుకుంటుంది, వాళ్లు లేవకుండా ఉంటే చాలు.

కానీ ఏ సెన్సరో మొరాయించి బండి ఆ ఆకుల మధ్యలో ఆగిపోయిందనుకోండి. అప్పుడు అక్కడ పనిచేసే మనిషి, ఎక్కువసార్లు ఏ కాలేజీ కుర్రాడో కుర్రదో అయ్యుంటుంది, ఆ ఆకుల మీద నడుచుకుంటూ పైకి వెళ్లాలి. ఏడుస్తున్న పిల్లల్నీ, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మల్నీ చెయ్యి పట్టుకుని కిందికి దింపాలి. మనకి అది ఆకు, వాళ్లకి అది పనిచేసే నేల. సన్నటి, వంపు తిరిగిన, వాలుగా ఉన్న నేల. కాలిఫోర్నియాలో పనిచోట్ల భద్రత చూసే విభాగం కాల్ ఓషా నియమం ఇలా ఉంటుంది: భవనాల్లో మనిషి నిలబడి పనిచేసే చోటు 30 అంగుళాలకి మించి ఎత్తులో ఉండి పక్క ఖాళీగా ఉంటే అడ్డు కట్టాలి, ఆ అడ్డు 42 నుంచి 45 అంగుళాల ఎత్తు ఉండాలి. ఆ కొలత ఊరికే పెట్టింది కాదు. నడుం కంటే కింద ఉండే అడ్డు మనిషిని ఆపదు సరికదా, కాళ్లకి తగిలి తలకిందులుగా అవతల పడేస్తుంది. మూడున్నర అడుగులుంటేనే మనిషి బరువు ఇవతల ఆగుతుంది. మన ఊళ్లలో డాబాల మీద మోకాలెత్తు పిట్టగోడ కట్టి వదిలేసినవాళ్లకి, సంక్రాంతి గాలిపటాల రోజుల్లో పిల్లలు పడిపోయారన్న వార్త ప్రతి ఏడాదీ చదివేవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

2010 జులైలో రైడ్ ఆపేసి, ఆగస్టులో మళ్లీ తెరిచారు. తెరిచాక చూస్తే ఆకుల చుట్టూ తాత్కాలికంగా వేసిన ప్లాట్‌ఫారాలు, కడ్డీలు, మన దగ్గర స్లాబ్ పోసేముందు గోవా (పరంజా) కట్టినట్టు. నిజంగానే చూడ్డానికి దరిద్రంగా ఉంది, ఒప్పుకుంటాను. అప్పుడు లేచిన ప్రశ్న ఒక్కటే: 1958 నుంచి 52 ఏళ్లు లేని అవసరం ఇప్పుడెందుకొచ్చింది?

ఈ "ఇన్నేళ్లుగా ఏం కాలేదుగా" అనే వాదన నేను సైట్‌లో మేస్త్రీల దగ్గర విన్నాను, బిల్డర్ల దగ్గర విన్నాను, హెల్మెట్ పెట్టుకోని మా బాబాయి దగ్గరా విన్నాను. ఏం కాకపోవడం అనేది భద్రత ఉందనడానికి రుజువు కాదు. అక్కడ నడిచిన వాళ్లందరూ జాగ్రత్తగా నడిచారని మాత్రమే దాని అర్థం. 52 ఏళ్లపాటు ఆ జాగ్రత్త ఖర్చంతా గంట జీతానికి పనిచేసే కుర్రాళ్ల మీదే వేశారన్నమాట. కడ్డీ కట్టడమంటే ఆ ఖర్చుని వాళ్ల మీంచి తీసి కట్టడం మీద పెట్టడం.

ఏదైనా అయితే ఏం చేస్తారో కూడా ఆ పార్కు చరిత్రలోనే ఉంది. 1974 జూన్ 29న పార్కులో టుమారోల్యాండ్ అనే భాగంలో అమెరికా సింగ్స్ అనే ప్రదర్శన మొదలైంది. దానికి వాడిన గుండ్రటి హాలు అంతకుముందు, 1967లో, వేరే ప్రదర్శన కోసం తెరిచింది. దాని కిటుకేంటంటే మధ్యలో ఉన్న స్టేజీలు కదలవు, చుట్టూ ప్రేక్షకులు కూర్చున్న గదులే తిరుగుతాయి. ఒక అంకం అయిపోగానే గది మొత్తం జనంతో సహా జరిగి పక్క స్టేజీ ముందు ఆగుతుంది. గదికీ గదికీ మధ్య ఓ గోడ, స్టేజీకీ స్టేజీకీ మధ్య ఓ గోడ. మొదటిది తిరుగుతుంది, రెండోది తిరగదు. తిరిగేటప్పుడు ఆ రెండు గోడల మధ్య సందు మూసుకుపోతుంది. జులై 8 రాత్రి, అంటే తెరిచిన 9 రోజులకి, ప్రేక్షకుల్ని పలకరించి కూర్చోబెట్టే ఉద్యోగంలో ఉన్న 18 ఏళ్ల అమ్మాయి ఆ సందులో నలిగి చనిపోయింది.

ఆ తర్వాత హెచ్చరిక లైట్లు పెట్టారు. గట్టి గోడలు తీసేసి, మనిషి తగిలితే విడిపోయే గోడలు పెట్టారు. ఆ ప్రదర్శన 1988 వరకు నడిచింది. ఆ మారిన గోడల వల్ల పాటల అందం తగ్గిందని ఎవరైనా అన్నారా? ప్రేక్షకుల్లో కూర్చున్నవాళ్లకి గోడ మారిన సంగతి తెలిసే అవకాశమే లేదు. అంటే ఆ గోడలు మొదటి రోజు నుంచే అలా కట్టి ఉండొచ్చు. కదిలే గోడ, కదలని గోడ పక్కపక్కనే ఉన్న చోట మనిషి ఇరుక్కుంటాడని ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. డ్రాయింగ్ గీసినవాళ్ల బుర్రలో ప్రేక్షకుడు ఎక్కడ కూర్చుంటాడన్నది ఉంది, హోస్టెస్ ఎక్కడ నిలబడుతుందన్నది లేదు. నా గొడవంతా ఇదే. కడ్డీ వికారంగా కనిపించడానికి కారణం నియమం కాదు. పైకెక్కి బల్బు మార్చేవాణ్ణి, దుమ్ము తుడిచేవాణ్ణి, ఆగిన బండిలోంచి జనాన్ని దింపేవాణ్ణి లెక్కలోకి తీసుకోకుండా భవనం గీసి, తర్వాతెప్పుడో గుర్తొచ్చి తగిలిస్తారు కాబట్టి అది అలా అతికించినట్టు కనిపిస్తుంది.

అయితే డిస్నీల్యాండ్‌లో ఈ సమస్యకి ఇంకో మెలిక ఉంది, అభిమానుల కోపంలో న్యాయం ఉన్నది ఇక్కడే. పార్కులోకి వెళ్లగానే వచ్చే వీధి మెయిన్ స్ట్రీట్‌లో షాపులు చూస్తే రెండు మూడంతస్తుల భవనాల్లా అనిపిస్తాయి కదా, నిజానికి పై అంతస్తులు కింది అంతస్తు కంటే చిన్న కొలతలో కట్టారు. పైకి పోయేకొద్దీ కిటికీలు చిన్నవి, ఎత్తులు తక్కువ. దాంతో కింద నిలబడి చూసేవాడి కంటికి భవనం ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. అక్కడున్న కోట అంతా కలిపి 77 అడుగులే, ఈ కిటుకు వల్లే అంత గంభీరంగా ఉంటుంది. ఇప్పుడు ఆ చిన్న కొలత కప్పు అంచున నిజం మనిషి కొలతకి 42 అంగుళాల కడ్డీ పెట్టండి. బొమ్మరింట్లో నిజం మంచం వేసినట్టుంటుంది. కడ్డీ పెద్దదై పోయి భవనం ఉన్నట్టుండి తన అసలు సైజుకి వచ్చేస్తుంది, మోసం బయటపడిపోతుంది. వాల్ట్ డిస్నీ సినిమా సెట్లు వేసేవాళ్లని పెట్టి కట్టించిన వీధి అది, సెట్‌కి వెనక నుంచి చూసే హక్కు ఎవరికీ ఇవ్వలేదు.

కానీ దీనికీ దారులున్నాయి, మా ఫీల్డ్‌లో రోజూ వాడేవే. అడ్డుని కప్పు అంచున కాకుండా నాలుగైదు అడుగులు లోపలికి జరిపితే కిందనుంచి కనపడదు. పనిలేనప్పుడు పడుకోబెట్టి, ఎక్కేముందు లేపి నిలబెట్టే మడత రెయిలింగ్‌లు దొరుకుతాయి. లేదా అలంకారం గోడనే కాస్త పెంచి పిట్టగోడ పని దానితోనే చేయించొచ్చు. వీటన్నిటికన్నా మేలైనది అసలు మనిషి పైకెక్కే అవసరాన్నే తగ్గించడం. కప్పు అంచుల వెంట వరసగా ఉండే బల్బులు ఎల్ఈడీలైతే మార్చే పని ఎన్నో రెట్లు తగ్గుతుంది. ఎక్కనివాడు పడడు. భద్రత పాఠాల్లో మొదటి మెట్టు ఇదే, బెల్టు కట్టడం చిట్టచివరి మెట్టు.

బెల్టు సంగతి చెప్పాలి, ఎందుకంటే కడ్డీ వద్దనేవాళ్లందరూ చివరికి వచ్చి ఆగేది అక్కడే: బెల్టు ఇస్తే సరిపోతుంది కదా అని. హైదరాబాద్‌లో నేను పనిచేసిన ఓ అపార్ట్‌మెంట్ సైట్‌లో (పేరెందుకులెండి) సేఫ్టీ బెల్ట్ లేకుండా పైకెళ్లరాదు అని గేటు దగ్గరే పెద్ద బోర్డు ఉండేది. అందరూ పెట్టుకునేవాళ్లు. దూరం నుంచి ఫోటో తీస్తే బ్రహ్మాండంగా ఉండేది. దగ్గరికెళ్లి చూస్తే తాడు నడుం చుట్టూ రెండు చుట్లు చుట్టుకుని, హుక్కుని తన బెల్టుకే తగిలించుకునేవాళ్లు, నడుస్తుంటే కాళ్లకి అడ్డం పడుతుందని. ఓసారి ఒకతన్ని గట్టిగా అడిగాను. "దేనికి తగిలించమంటారో మీరే చూపించండి సారూ" అన్నాడు. చూశాను. సెంట్రింగ్ కర్రలున్నాయి, స్లాబ్ అంచులోంచి పొడుచుకొచ్చిన చువ్వలున్నాయి, బెల్టు హుక్కు తగిలించే గట్టి తాడు, లైఫ్‌లైన్ మాత్రం లేదు. మనిషి బరువు ఆపగలిగేది అక్కడ ఒక్కటీ లేదు. బెల్టు ఉంటే ఆడిట్‌లో టిక్కు పడుతుంది, అంతే. బెల్టు ప్రతి నిమిషం మనిషి గుర్తుపెట్టుకోవాల్సిన వస్తువు, చోటు మారినప్పుడల్లా విప్పి మళ్లీ తగిలించాలి, ఎండలో, తొందరలో, సూపర్‌వైజర్ అరుస్తున్నప్పుడు. కడ్డీ ఎవరి జ్ఞాపకశక్తి మీదా ఆధారపడదు.

2012 నవంబర్‌లో డిస్నీల్యాండ్‌లో స్పేస్ మౌంటెన్ భవనం బయటివైపు శుభ్రం చేస్తున్న మనిషి జారిపడి గాయపడ్డాడు. స్పేస్ మౌంటెన్ అంటే 1977లో తెరిచిన ఆ తెల్లటి గుండ్రటి కప్పు, లోపల చీకట్లో రోలర్ కోస్టర్ ఉంటుంది. పడింది డిస్నీ ఉద్యోగి కాదు, కాంట్రాక్టర్ దగ్గర పనిచేసే మనిషి. కాల్ ఓషా దర్యాప్తు చేసి 2013లో డిస్నీకి 2 లక్షల 30 వేల డాలర్లకు పైగా జరిమానా వేసింది, కాంట్రాక్టర్‌కి విడిగా ఇంకొంత. ఏప్రిల్‌లో స్పేస్ మౌంటెన్‌నీ, మాటర్‌హార్న్ అనే కొండ రైడ్‌నీ, పక్క పార్కులో ఉన్న సోరింగ్ రైడ్‌నీ ఉద్యోగుల భద్రత సరిచూసుకోవడానికి డిస్నీ తనంతట తనే ఆపేసింది. మిగతా రెండూ త్వరగానే తెరుచుకున్నాయి, స్పేస్ మౌంటెన్‌కి మాత్రం వారాలు పట్టింది.

జరిమానా అంకె చూసి నవ్వుకున్నవాళ్లున్నారు, అంత పెద్ద పార్కుకి అదో లెక్కా అని. నిజమే. నా కళ్లు ఆగింది అంకె దగ్గర కాదు, డిస్నీకొకటి, కాంట్రాక్టర్‌కొకటి ఇచ్చిన రెండు జరిమానా చీటీల దగ్గర. కాలిఫోర్నియాలో ఒక పనిచోట ఇద్దరు ముగ్గురు యజమానులుంటే, ఆ ప్రమాదాన్ని సృష్టించినవాణ్ణీ, అక్కడ పెత్తనం ఉన్నవాణ్ణీ, సరిదిద్దాల్సినవాణ్ణీ, తన మనిషిని పంపినవాణ్ణీ, ఎవరినైనా పట్టుకోవచ్చు. "వాడు మా మనిషి కాదండీ, కాంట్రాక్టర్ మనిషి" అన్న మాట దగ్గర కథ ఆగదు. మన దగ్గర ఎంత ఆస్తి ఆ ఒక్క మాట వెనక దాక్కుందో! పడినవాడి ఊరు ఎక్కడో ఒడిశాలో, బిహార్‌లో ఉంటుంది, తెచ్చిన మేస్త్రీ ఫోన్ ఆగిపోతుంది, బిల్డింగ్ ఓనర్ సంతాపం తెలిపి తప్పుకుంటాడు. కప్పు ఎవరిదో, దాని అంచున అడ్డు కట్టే బాధ్యత వాడిదే అనేది ఎంత చిన్న సంగతో, అమలయ్యే చోట చూస్తేనే తెలుస్తుంది.

ఇక్కడ నాకో పాత కథ గుర్తొస్తుంది. 1961లో మాటర్‌హార్న్ కొండ మీంచి పీటర్ పాన్ కథలోని ఎగిరే దేవకన్య టింకర్ బెల్ వేషంలో ఓ మనిషి తీగ మీద వేలాడుతూ రాత్రి ఆకాశంలో కోట పక్కగా ఎగరడం మొదలుపెట్టింది. 147 అడుగుల కొండ అది. మొట్టమొదటి టింకర్ బెల్ టైనీ క్లైన్, హంగరీలో పుట్టిన సర్కస్ కళాకారిణి, అప్పటికామెకి 70 ఏళ్లు. అవతలి కొసలో ఇద్దరు మనుషులు పరుపు పట్టుకుని నిలబడి ఆమెని ఆపేవాళ్లు. అంటే ఎత్తులో మనిషిని ఎలా కట్టాలో, ఎలా పట్టుకోవాలో ఆ పార్కుకి మొదటినుంచీ తెలుసు, 70 ఏళ్ల ఆవిడని కూడా ఎగరేసి దింపింది. కాకపోతే ఆవిడ ప్రదర్శన. కప్పు తుడిచేవాడు ప్రదర్శన కాదు, ప్రదర్శనకి అడ్డం రాకూడనివాడు. జనానికి కనపడకుండా పనిచెయ్యడమే అక్కడ పనితనం, రాత్రి గేట్లు మూశాక మొదలయ్యే షిఫ్టులు. కనపడనివాళ్ల కోసం కనపడే కడ్డీ పెట్టమంటే సహజంగానే చేదుగా ఉంటుంది.

మన ఊరి సంగతి కూడా ఒకటి. 2024 జనవరిలో రామోజీ ఫిల్మ్ సిటీలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ 25 ఏళ్ల వేడుక జరుగుతుండగా, పైనుంచి వేదిక మీదికి దింపుతున్న ఇనుప బోను గొలుసు ఓవైపు తెగి అందులో ఉన్న ఇద్దరూ పడిపోయారు. కంపెనీ సీఈఓ చనిపోయారు. అది దేశమంతా వార్త అయింది, కావాల్సిందే. అలాంటి బోన్లు కట్టేవాళ్లు, లైట్లు బిగించడానికి ట్రస్సుల మీద కోతుల్లా పాకేవాళ్లు పడితే అది జిల్లా ఎడిషన్‌లో రెండు లైన్లు.

అన్ని కడ్డీలూ అవసరమే అని నేను వాదించడం లేదు. ఏడాదికోసారి ఎవరో ఒకరు ఎక్కి చూసొచ్చే చోట శాశ్వతంగా రెయిలింగ్ వేయడం దండగ, అక్కడ తాడు తగిలించే గట్టి కొక్కేలు (యాంకర్లు) రెండు బిగించి, ఒంటికి కట్టుకునే బెల్టు (హార్నెస్) ఎలా తగిలించాలో నేర్పిన మనిషిని పంపితే చాలు. రాసిన నియమాన్ని చదవడం చేతకాక, భయంతో కనపడ్డ ప్రతి అంచుకీ పసుపు రంగు గొట్టం బిగించే సేఫ్టీ ఆఫీసర్లని నేనూ చూశాను. అభిమానులు తిట్టాల్సిన అసలు సంగతి ఇంకోటుంది, దాన్నెవరూ సరిగ్గా తిట్టలేదు. 2010 ఆగస్టులో ఆలిస్ రైడ్‌కి "తాత్కాలికంగా" పెట్టిన ఆ గోవా 2014 మార్చిలో రైడ్ మూసే దాకా అలాగే ఉంది. మూడున్నరేళ్లు! నియమం కడ్డీ పెట్టమంది, అది వికారంగా ఉండాలనీ, ఏళ్లపాటు అలాగే ఉంచాలనీ చెప్పలేదు. అది డబ్బు ఎప్పుడు ఖర్చు పెడదామా అని తీరిగ్గా ఆలోచించిన కంపెనీ నిర్ణయం, తిట్లేమో కాల్ ఓషాకి.

2014 జులై 4న రైడ్ మళ్లీ తెరిచారు. ఆకుల దారి వెడల్పు చేశారు, పక్కన అడ్డు కట్టారు, పనిలో పనిగా లోపల బొమ్మలకి కొత్త హంగులు కూడా చేశారు. వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. నాతో వచ్చిన చుట్టాల్లో ఒక్కరు కూడా ఆ అడ్డుని చూసి ఇదేంటి అనలేదు. అది తోటలో భాగంగానే ఉంది, ఎందుకంటే ఈసారి డ్రాయింగ్‌లోనే ఉంది.

2019 మే 31న అదే పార్కులో స్టార్ వార్స్ కోసం గాలాక్సీస్ ఎడ్జ్ అనే పెద్ద ప్రాంతం తెరిచారు. ఎత్తైన రాతి శిఖరాలు, గుమ్మటాలు, ఎక్కడ చూసినా ఎత్తే. అక్కడ కప్పుల మీద కడ్డీల గురించి ఎవరైనా గొడవ చెయ్యగా నేనైతే వినలేదు. అదే కాల్ ఓషా, అదే 42 అంగుళాలు. తేడా ఒక్కటే, గీసేటప్పటికే నియమం అందరికీ తెలుసు.

చివరాఖర్న వచ్చే వాదన, ఈ ఖర్చంతా తిప్పి తిప్పి మన టికెట్ మీదే వేస్తారని. వేస్తారు, నిజమే. కడ్డీ లేని రోజుల్లోనూ పెంచారు, కడ్డీ కట్టాకా పెంచారు, రేపు వర్షం పడలేదని కూడా పెంచుతారు. టికెట్ ధర మీద తిట్టుకోవాలంటే చెప్పండి, పార్కింగ్ ఫీజుతో మొదలుపెట్టి నేనూ వచ్చి కూర్చుంటాను.